కెటమిన్ ఎక్కించుకునే ముందు అడగాల్సినవి, చెప్పాల్సినవి

ఏళ్ల తరబడి లొంగని డిప్రెషన్ ఒక్క సెలైన్‌తో తెల్లారేసరికి తగ్గిపోతుందన్న మాట ఇప్పుడు ఫోన్లలో, వీడియోల్లో బాగా తిరుగుతోంది. అందులో నిజం లేకపోలేదు, కాకపోతే చెప్పకుండా వదిలేసిందే ఎక్కువ. హైదరాబాద్ లాంటి నగరాల్లో కొన్ని ప్రైవేటు మానసిక వైద్య కేంద్రాలు కెటమిన్ ఇన్ఫ్యూజన్ పేరుతో ఈ చికిత్స ఇస్తున్నాయి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల నుంచి పెద్ద వైద్యం కోసం హైదరాబాద్‌కో కర్నూలుకో బస్సెక్కే కుటుంబాలకు రేపో మాపో ఈ సలహా ఎదురుకావచ్చు. ఒంట్లో నలతగా ఉంటే ఆర్‌ఎంపీ దగ్గరికి పోయి ఒక గ్లూకోజ్ బాటిల్ ఎక్కించుకుని వచ్చే అలవాటు మన పల్లెల్లో ఇంకా పోలేదు. బాటిల్‌లోంచి దిగేదంతా బలమే అనుకునేచోట కెటమిన్ గురించి వివరంగా మాట్లాడుకోవడం అవసరం. ఈ చికిత్స విషయంలో రోగి డాక్టరును అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. పాలమూరు (ఉమ్మడి మహబూబ్‌నగర్) రోగి తనంతట తాను డాక్టరుకు చెప్పాల్సింది కూడా ఒకటి ఉంది: కల్లు సంగతి.

మత్తు గదిలో పుట్టిన మందు

కెటమిన్ కొత్త మందేమీ కాదు. 1962లో అమెరికాలోని పార్క్-డేవిస్ కంపెనీ కోసం కాల్విన్ స్టీవెన్స్ అనే రసాయన శాస్త్రవేత్త దీన్ని తయారుచేశారు. 1970లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మత్తుమందుగా అనుమతి ఇచ్చింది. వియత్నాం యుద్ధంలో గాయపడ్డ సైనికులకు విరివిగా వాడారు. 1985 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఔషధాల జాబితాలో ఉంది. మిగతా మత్తుమందుల్లా ఊపిరిని అణచివేయదు, బీపీని పడిపోనివ్వదు. అందుకే పెద్ద యంత్రాలు లేని చిన్న ఆసుపత్రుల్లో కూడా మత్తు డాక్టర్లు దీన్ని నమ్ముకుంటారు. మన ప్రాంతంలో చాలామందికి తెలియకుండానే ఏదో ఒక ఆపరేషన్‌లో ఈ మందు పడే ఉంటుంది.

మానసిక వైద్యంలోకి ఇది వచ్చింది ఆలస్యంగా. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2000లో ఒక చిన్న అధ్యయనాన్ని, అక్కడి జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2006లో మరో అధ్యయనాన్ని ప్రచురించారు. మత్తుకు వాడేదానికంటే బాగా తక్కువ మోతాదు ఇచ్చినా తీవ్రమైన డిప్రెషన్ గంటల్లోనే తగ్గుముఖం పట్టిందని రెండింటిలోనూ తేలింది. డిప్రెషన్‌కు సాధారణంగా రాసే మాత్రలు సెరటోనిన్ లాంటి రసాయనాల మీద పనిచేస్తాయి, గుణం కనిపించడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. కెటమిన్ గ్లూటమేట్ అనే మరో రసాయనానికి సంబంధించిన ఎన్‌ఎండీఏ గ్రాహకాలను అడ్డుకుంటుంది. దాంతో మెదడు కణాల మధ్య తెగిన సంబంధాలు మళ్లీ చిగురిస్తాయని ఎక్కువమంది శాస్త్రవేత్తల అంచనా.

ఈ మందు సత్తా ఎంతో, హద్దు ఎక్కడో 2023లో వచ్చిన రెండు అధ్యయనాలు చూపాయి. మొదటిది అమెరికాలో 403 మందిని ఎంపిక చేసుకుని, కెటమిన్‌ను కరెంటు చికిత్స (ఈసీటీ)తో పోల్చిన పరీక్ష. మందులకు లొంగని, భ్రమలు లేని డిప్రెషన్ ఉన్నవారిలో కెటమిన్‌తో 55 శాతం మందికి, కరెంటు చికిత్సతో 41 శాతం మందికి గుణం కనిపించింది. రెండోది స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జరిగింది. ఆపరేషన్ కోసం పూర్తి మత్తులో ఉన్న 40 మంది డిప్రెషన్ రోగుల్లో కొందరికి కెటమిన్, మిగతావారికి ఉత్త సెలైన్ ఇచ్చారు. ఎవరికి ఏది పడిందో వాళ్లకు తెలియదు. రెండు గుంపులవాళ్లూ దాదాపు ఒకే తీరుగా కోలుకున్నారు. అంటే ఈ చికిత్సలో కనిపించే గుణంలో కొంత భాగం మందుదైతే, కొంత భాగం రోగి పెట్టుకున్న ఆశది, దొరికిన ఆదరణది. దీన్నిబట్టి చికిత్స బూటకమని అనుకోనక్కర్లేదు. ప్రకటనల్లో చూపించేంత మాయ మందులో లేదని మాత్రం గ్రహించాలి.

నలభై నిమిషాల్లో జరిగేది

డిప్రెషన్‌కు ఎక్కువచోట్ల పాటించే మోతాదు కిలో బరువుకు అర మిల్లీగ్రాము. అరవై కిలోల మనిషికి 30 మిల్లీగ్రాములు. మన దగ్గర దొరికే వయల్‌లో ఒక్కో మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాముల మందు ఉంటే, ఆ మనిషికి కావాల్సింది 0.6 మిల్లీలీటర్లు, సిరంజి అడుగున ఒక పొర. దాన్ని సెలైన్‌లో కలిపి, పంపు పెట్టి, నలభై నిమిషాలపాటు మెల్లగా ఎక్కిస్తారు. మందు ఖరీదు పెద్దదేమీ కాదు. బిల్లులో కనిపించేదంతా ఆ నలభై నిమిషాలు, ఆ తర్వాతి రెండు గంటలు పక్కన ఉండాల్సిన మనుషులది, యంత్రాలది. కాబట్టి డబ్బు కట్టే ముందు ఆ మనుషులు, ఆ యంత్రాలు అక్కడ నిజంగా ఉన్నాయో లేదో చూసుకోవాలి.

మందు ఎక్కుతున్నకొద్దీ చాలామందికి ఒళ్లు తనది కానట్టు, తేలిపోతున్నట్టు, చుట్టూ శబ్దాలు దూరమైనట్టు అనిపిస్తుంది. కొందరికి కళ్ల ముందు రంగులు కదులుతాయి, కొందరికి భయం వేస్తుంది. వాంతి వచ్చినట్టు ఉండటం, తల తిరగడం మామూలే. బీపీ సగటున 20 పాయింట్ల దాకా పెరుగుతుంది, కొందరిలో ఇంకా ఎక్కువ. ఇవన్నీ సాధారణంగా రెండు గంటల్లో సర్దుకుంటాయి. ముందే చెప్పి ఉంచితే రోగి ఈ అనుభవాన్ని తట్టుకుంటాడు. చెప్పకపోతే గాలి సోకిందనో, పిచ్చి ముదిరిందనో ఇంట్లోవాళ్లు బెదిరిపోతారు. ఆ రోజు బండి నడపకూడదు, ట్రాక్టరు ఎక్కకూడదు, భూమి కాగితాల మీద సంతకాలు పెట్టకూడదు. రాత్రి నిద్రపోయి లేచాకే ఏ పనైనా. వెంట ఒక మనిషి తప్పనిసరి.

ఒక్క డోసుతో వచ్చిన ఉపశమనం చాలామందిలో వారం, రెండు వారాల్లో కరిగిపోతుంది. అందుకే రెండు మూడు వారాల్లో ఆరు డోసులదాకా ఇవ్వడం ఆనవాయితీ. ఆ తర్వాత ఏం చేస్తారన్నది రోగి తప్పక అడగాల్సిన ప్రశ్న. మాత్రలు కొనసాగుతాయా? మాటల చికిత్స ఉంటుందా? మళ్లీ దిగజారితే ఎవరికి ఫోన్ చేయాలి? జవాబులు లేనిచోట ఆరు డోసులు కొనడమంటే కొన్ని వారాల ఊరట కొనడమే. నెలలు, ఏళ్ల తరబడి తీసుకుంటే ఏమవుతుందన్న దానిపై సమాచారం ఇంకా తక్కువే. మత్తు కోసం అదేపనిగా వాడినవారిలో మూత్రాశయం దెబ్బతిని, మూత్రం పోసిన ప్రతిసారీ మంట, రక్తం కనిపించిన కేసులు 2007 నుంచి వైద్య పత్రికల్లో నమోదవుతూనే ఉన్నాయి.

అదుపులో లేని బీపీ, రక్తనాళాల ఉబ్బు, ఈమధ్యే వచ్చిన గుండెపోటు, స్కిజోఫ్రేనియా లాంటి భ్రమల జబ్బు, గర్భం ఉన్నవారికి ఇది తగదు. బీపీ ఎప్పుడూ చూపించుకోని మధ్యవయసువాళ్లు మన ఊళ్లలో బోలెడు మంది. మందు ఎక్కించే ముందు బీపీ చూడని చోటు నుంచి లేచి వచ్చేయడమే మంచిది. నరాల నొప్పులకు, ముఖ్యంగా గాయం మానినా నొప్పి మానని సీఆర్‌పీఎస్ లాంటి జబ్బులకు కూడా నొప్పి నిపుణులు కెటమిన్ ఎక్కిస్తారు. ఆ మోతాదులు, గంటలు వేరు. మోకాళ్ల నొప్పికీ నడుము నొప్పికీ అదే మందని ఎవరైనా అంటే నమ్మాల్సిన పనిలేదు.

కల్లు సంగతి దాచొద్దు

ఇంతవరకు చెప్పినవి ఏ ఊరి రోగికైనా వర్తిస్తాయి. పాలమూరులో వీటికి తోడు మరో ముప్పు ఉంది. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో చెట్టు నుంచి దిగే కల్లుకంటే దుకాణంలో అమ్మే కల్లు ఎక్కువన్నది అందరికీ తెలిసిన సంగతే. ఆ తేడాను నింపేవి క్లోరల్ హైడ్రేట్, డయజిపామ్, అల్ప్రాజోలం. చివరి రెండూ డాక్టర్లు నిద్రకూ ఆందోళనకూ లెక్క చూసి రాసే మందులు, బెంజోడయజిపైన్ల కోవకు చెందినవి. కల్లులో కలిపేవాడికి లెక్క ఉండదు. 2015లో కల్తీ కల్లుపై దాడులు పెరిగి సరఫరా ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ తదితర జిల్లాల ఆసుపత్రులకు, హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి జనం పెద్ద సంఖ్యలో చేరారు. నిద్ర లేదు, చేతులు వణుకుతాయి, పొంతన లేకుండా మాట్లాడతారు, కొందరికి ఫిట్స్. 2023 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో ఇలాంటి లక్షణాలతోనే రోగులు చేరారు. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

దీనికీ కెటమిన్‌కూ మూడు ముడులు ఉన్నాయి. ఒకటి: బెంజోడయజిపైన్లు వాడేవారిలో కెటమిన్ గుణం ఆలస్యంగానో, తక్కువగానో కనిపిస్తోందని కొన్ని అధ్యయనాలు చెబుతున్నాయి. వేలకు వేలు పోసి ఆరు డోసులు ఎక్కించుకున్న రోగికి ఫలితం రాకపోవడానికి సాయంత్రం తాగిన రెండు సీసాలే కారణం కావచ్చు. రెండు: మత్తు మీద మత్తు పడితే స్పృహ తగ్గి ఊపిరికి ఇబ్బంది రావచ్చు. మూడు, అన్నిటికంటే ప్రమాదకరమైనది: రేపు చికిత్స ఉందని ఇవాళ కల్లు ఒక్కసారిగా మానేయడం. ఏళ్ల తరబడి అల్ప్రాజోలానికి అలవాటుపడ్డ ఒళ్లు దాన్ని హఠాత్తుగా ఆపితే మూర్ఛకు లోనుకావచ్చు. డాక్టరు పర్యవేక్షణలో మోతాదు మెల్లమెల్లగా తగ్గిస్తూ మాన్పించాలి.

ఈ సంగతి డాక్టరు దాకా చేరకపోవడానికి కారణం అబద్ధం కాదు, అలవాటు. మందు తాగుతావా అని అడిగితే, బ్రాందీ, విస్కీ ముట్టని మనిషి లేదనే చెబుతాడు. పొలం పనుల నుంచి వచ్చి ఒళ్లు నొప్పులకు కల్లు తాగే ఆడమనిషిని ఆ ప్రశ్న అడిగేవాళ్లే ఉండరు. ఇంట్లోవాళ్ల ముందు ఆమె తనంతట చెప్పదు. హైదరాబాద్ డాక్టరుకు పాలమూరు కల్లు సంగతి తట్టకపోవచ్చు. కాబట్టి రోగే నోరు విప్పి చెప్పాలి: రోజూ ఎంత తాగుతాను, ఎన్నేళ్లుగా, ఒకరోజు దొరక్కపోతే ఏమవుతుంది. మందుల షాపులో చీటీ లేకుండా కొన్న నిద్రమాత్రల సంగతీ అంతే. అనుమానం ఉంటే డాక్టరు మూత్ర పరీక్ష చేయించవచ్చు.

లొంగని జబ్బా, అందని వైద్యమా?

కెటమిన్‌ను మొదటి మందుగా ఏ మంచి డాక్టరూ రాయడు. కనీసం రెండు రకాల మాత్రలు సరైన మోతాదులో, చాలినన్ని వారాలు వాడినా గుణం లేకపోతేనే దాన్ని మందులకు లొంగని డిప్రెషన్ అంటారు. ఈ లెక్కన మన మూడు జిల్లాల్లో ఎంతమంది అర్హులు? బెంగళూరులోని నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో డిప్రెషన్ ఉన్నవారిలో దాదాపు 85 శాతం మందికి ఎలాంటి చికిత్సా అందడం లేదని తేలింది. తెలంగాణ ఆ సర్వేలో లేదు గానీ, మన పల్లెల పరిస్థితి అంతకంటే మెరుగని అనుకోవడానికి ఆధారమేమీ లేదు. వారం రోజులు మాత్రలు వేసుకుని, గుణం లేదని మానేసి, దర్గాకో దేవరకో మొక్కి, ఆనక మళ్లీ ఇంకో డాక్టరు దగ్గరికి పోయినవాళ్ల జబ్బు లొంగనిది కాదు. అసలు వైద్యమే పూర్తిగా జరగలేదు.

మాత్రలు పనిచేయడం లేదని తేల్చే ముందు థైరాయిడ్ చూడాలి, రక్తం తక్కువేమో చూడాలి. బైపోలార్ జబ్బును డిప్రెషన్ అనుకుంటున్నామేమో చూడాలి. నిద్ర పట్టకపోవడం, గుండె దడ, చిరాకు కల్లు దిగిపోతున్న లక్షణాలేమో చూడాలి. గద్వాల ప్రాంతంలో సీడ్ పత్తి వేసి అప్పుల్లో కూరుకున్న రైతుకు, ఇల్లు వదిలి దూర నగరాలకు వలసపోయి ఒంటరితనంతో తిరిగొచ్చిన కూలీకి సెలైన్ దిగులును తగ్గిస్తుందేమో గానీ, అప్పునో ఒంటరితనాన్నో తగ్గించదు. రెండింటికీ మనుషులు కావాలి.

చచ్చిపోవాలన్న ఆలోచనలు తరుముతున్న రోగి విషయంలో కెటమిన్ వేగానికి విలువ ఉన్నమాట నిజం. ఫ్రాన్స్‌లో 156 మందిపై చేసి 2022లో ప్రచురించిన పరీక్షలో, మూడో రోజుకు ఇలాంటి ఆలోచనలు పోయినవారు కెటమిన్ గుంపులో 63 శాతం, సెలైన్ గుంపులో 32 శాతం. అయితే ఆలోచన తగ్గడం వేరు, ప్రాణం నిలబడటం వేరు. కెటమిన్‌కు దగ్గరి చుట్టమైన ఎస్‌కెటమిన్ ముక్కు స్ప్రేకు 2019లో అనుమతి ఇచ్చిన ఎఫ్‌డీఏ, అది ఆత్మహత్యను ఆపుతుందని రుజువు కాలేదని మందు కాగితంలోనే రాయించింది. అలాంటి రాత్రి ఎదురైతే చేయాల్సింది మనిషిని ఒంటరిగా వదలకపోవడం, పురుగుమందును ఇంట్లోంచి తీసేయడం, 14416కు ఫోన్ చేయడం, దగ్గరి ఆసుపత్రికి తీసుకుపోవడం. టెలీ-మానస్ అనే ఆ ఉచిత సేవ 2022 అక్టోబర్ 10 నుంచి నడుస్తోంది. తెలుగులో మాట్లాడతారు.

చట్టం ఎవరి పక్షం?

కెటమిన్‌ను మన దేశం 2011లో మాదకద్రవ్యాల నియంత్రణకు ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి, 2013 డిసెంబర్‌లో డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ నిబంధనల్లోని షెడ్యూల్ ఎక్స్‌లోకి తెచ్చింది. చీటీ రెండు ప్రతుల్లో ఉండాలి, ఒక ప్రతి షాపువాడు రెండేళ్లు భద్రపరచాలి. మత్తుమందుగా వాడటానికే దీనికి అనుమతి. డిప్రెషన్‌కు ఇవ్వడం ఆ అనుమతికి వెలుపల, డాక్టరు తన విచక్షణతో చేసే వైద్యం. అది నేరం కాదు గానీ, ఆ మాట రోగికి ముందే చెప్పి, రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోవాలి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగికి తన చికిత్స గురించి తెలుసుకునే హక్కు, తన వైద్య రికార్డులు పొందే హక్కు ఇచ్చింది. శరీర జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలన్నది ఆ చట్టంలోని మాటే. అనుమతి వెలుపల వాడకానికి బీమా కంపెనీలు పేచీ పెట్టే వీలుంది కాబట్టి, డబ్బు కట్టే ముందే కంపెనీ నుంచి రాతలో జవాబు తీసుకోవాలి.

ఇంటికి తీసుకుపోయి వాడుకోమని కెటమిన్ చేతిలో పెట్టేవారి దగ్గరికి మళ్లీ పోవద్దు. ఇంట్లో వాడుకునే కెటమిన్ మిశ్రమాల గురించి 2023 అక్టోబర్‌లో ఎఫ్‌డీఏ ప్రత్యేకంగా హెచ్చరించింది. అదే నెలలో అమెరికా నటుడు మాథ్యూ పెర్రీ ఇంట్లో చనిపోయాడు, ప్రధాన కారణం కెటమిన్ ప్రభావమని వైద్య పరీక్ష తేల్చింది. అతను క్లినిక్‌లోనూ ఈ చికిత్స తీసుకున్నాడు. ప్రాణం తీసింది పర్యవేక్షణ లేకుండా, అక్రమంగా చేతికొచ్చిన మందు. ఆ కేసులో డాక్టర్లూ నేరం ఒప్పుకున్నారు. అందుకే డిగ్రీ ఉందని ఊరుకోకుండా, ఎక్కించేది ఎవరో, మత్తు డాక్టరు అందుబాటులో ఉంటారో లేదో, ఆక్సిజన్, మానిటర్ ఉన్నాయో లేదో అడగాలి.

ప్రభుత్వం చేయాల్సింది

గద్వాల నుంచి హైదరాబాద్ దాదాపు 190 కిలోమీటర్లు. అమ్రాబాద్ అడవి పల్లెల నుంచి బయల్దేరే చెంచు కుటుంబానికి ఆ ప్రయాణమే ఒక పరీక్ష. ఆరు డోసులంటే ఆరు రాకపోకలు, వెంట వచ్చే మనిషి కూలి కూడా పోతుంది. ఇంత భారం మోయించే ముందు దగ్గర్లో దొరకాల్సినవి దొరుకుతున్నాయా? వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రభుత్వ వైద్య కళాశాలలు 2022లో మొదలయ్యాయి, గద్వాల కళాశాల 2024లో వచ్చింది. మూడు జిల్లాల్లో మూడు బోధనాసుపత్రులు ఉన్నప్పుడు కనీసం మూడు పనులు చేయవచ్చు. ప్రతి పనిదినం మానసిక ఓపీ నడపాలి, మాత్రలు నెలనెలా ఆగకుండా అందాలి. కల్లు, నిద్రమాత్రల గురించి ప్రతి రోగినీ అడిగి కేస్‌షీట్‌లో రాసే పద్ధతి పెట్టాలి, కల్లు మాన్పించడానికి పడకలు కేటాయించాలి. మాత్రలు మధ్యలో ఆపేసినవారిని ఆశా కార్యకర్తల ద్వారా వెతికి పిలిపించాలి. ఇవన్నీ సక్రమంగా జరిగాక కూడా లొంగని జబ్బు మిగిలినవారికి, మత్తు డాక్టరు, మానసిక వైద్యుడు కలిసి పనిచేసే ప్రభుత్వ ఆసుపత్రిలోనే కెటమిన్ ఇచ్చే ఏర్పాటు గురించి ఆలోచించవచ్చు. మందు ధర తక్కువ, ఇవ్వడం తెలిసిన మత్తు డాక్టర్లు ఉన్నారు.

ఆ రోజు వచ్చేదాకా ఈ చికిత్స కోసం నగరానికి బయల్దేరే రోగి ఇప్పటివరకు వాడిన మాత్రల చీటీలన్నీ, బీపీ రీడింగులు, కల్లు సంగతి తెలిసిన ఒక మనిషిని వెంటబెట్టుకుని పోవాలి. ఆ చీటీలు, రీడింగులు చూడకుండా, కల్లు సంగతి అడగకుండా మొదటి రోజే సూది గుచ్చుతామన్న చోట డబ్బు కట్టకుండా తిరిగి రావాలి.